ఘాటు రాని మంట

ఆఖరి పత్తి తీత అయిపోయి చేలల్లో ఎండు కట్టె మాత్రం మిగిలే రోజుల్లో మా ఇంట్లో బీరువా మీది నుంచి ఒక సంచి కిందికి దిగుతుంది. అది మా ఆవిడ సంచి. నీలం రంగుది, జిప్పు పాడైపోయి పిన్నీసు మీద నడుస్తోంది. ఆ సంచి దిగిందంటే ఊళ్ళో పత్తి కట్టె తగలబెట్టే కాలం వచ్చినట్టే. పంచాంగం తప్పుతుందేమో గానీ ఆ సంచి తప్పదు.

ఆమెకు ఆయాసం. మామూలు రోజుల్లో ఏమీ ఉండదు. గేదె పాలు పిండుతూ, కోతకు వచ్చిన కూలీలకు పని పురమాయిస్తూ, మధ్యలో నన్ను తిడుతూ, మూడు పనులూ ఒక్క ఊపిరిలో చేయగలదు. కట్టె పొగ తగిలిందంటే మాత్రం ఆ ఊపిరి ఈల వేయడం మొదలుపెడుతుంది. డాక్టరు పీల్చే మందు రాసిచ్చి, "పొగకు దూరంగా ఉండాలమ్మా" అన్నాడు. కట్టె కాలే ఆ రెండు నెలలూ మా వైపు పొగకు దూరంగా ఉండాలంటే ఊరు వదిలి ఉండాలి. అందుకని వేటపాలెంలో వాళ్ళక్క ఇంటికి పోతుంది. పొలాలన్నీ కాలి, నల్లబడి, చల్లారాక తిరిగి వస్తుంది.

ఊళ్ళోవాళ్ళు మాత్రం మొగుడి మీద అలిగి పోయిందనుకుంటారు. నేను కాదనను. ఏటా అలిగే పెళ్ళాం ఉండడం కూడా ఒక హోదాయే కదా.

వాళ్ళక్క అక్కడ జీడిపప్పు షెడ్డులో పప్పు ఒలిచే పని చేస్తుంది. జీడిపిక్క కాలిస్తే వచ్చే పొగ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి ఒకసారి ఊరుకోలేక అడిగాను.

"జీడిపిక్క పొగ పడుద్ది గానీ మొగుడు పెట్టిన పొగ పడదా నీకు?"

"అక్కడ సముద్రం గాలి ఉంది. పొగని నిలవనీయదు. ఇక్కడ పొగా నిలబడుద్ది, దాని పక్కన నువ్వూ నిలబడతావు. పనికొచ్చేది ఒక్కటీ నిలబడదు" అంది.

ఆమె లేని ఆ రోజుల్లో వంట నాది. తినేది నేనూ మా అమ్మా. మా అమ్మకు పళ్ళు లేవు, నా కూరకు రుచి లేదు. "ఇది పప్పా, పప్పు కడిగిన నీళ్ళా?" అని అడుగుతుంది. రెండూ ఒకే గిన్నెలో ఉన్నాయని చెబుతాను. అలా రోజులు గడుస్తాయి.

అయితే కిందటేడు తిరిగి వచ్చిన రోజు ఆమె నన్ను తిట్టలేదు. సంచి బీరువా మీద పెట్టి, నెమ్మదిగా ఒక మాట అంది.

"వచ్చే ఏడు కూడా నువ్వు కట్టె తగలబెడితే పోయి రావడం ఉండదు. పోయి అక్కడే ఉంటా. అక్క షెడ్డులో పని చూస్తానంది. ఊరు మొత్తాన్ని నేను ఆపలేను. నా మొగుడన్నా నా ముక్కు కింద నిప్పు పెట్టకుండా ఉంటే చాలు."

ఆమె గట్టిగా అరిచిందంటే నాకు ధైర్యం. నెమ్మదిగా మాట్లాడిందంటే గుండె జారుతుంది. సరే, తగలబెట్టను అని మాట ఇచ్చాను. మాట ఇవ్వడం సులువే. ఈ ఏడు మూడెకరాల కట్టె చేలో నిలబడి నా వంక చూస్తుంటే, దాన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మేము కట్టె తగలబెట్టేది సరదాకేమీ కాదు. గ్యాస్ బండ రాకముందు పత్తి కట్టెకు మర్యాద ఉండేది. మోపులు కట్టి ఇంటి వెనక వామి వేసుకునేవాళ్ళం. పక్కవాడి వామి లోంచి రెండు పుల్లలు లాక్కుంటే తగువులయ్యేవి. గ్యాస్ వచ్చి కట్టెకు ఉద్యోగం పీకేసింది. చేలో ఉంచేద్దామంటే అందులో గులాబీ పురుగు దాక్కుని, వచ్చే పంటకు మనకంటే ముందే హాజరు వేయించుకుంటుంది. అందుకని నిప్పు పెడతాం. అగ్గిపుల్ల ఒక్కటే ఖర్చు, సాయంత్రానికల్లా పొలం ఖాళీ.

ఆ కాలంలోనే మా ఊరి వ్యవసాయ సహాయకురాలు మా బావ పొలం గట్టు మీద మీటింగు పెట్టింది. చిన్న పిల్ల, స్కూటీ మీద వస్తుంది, ఎండకు మొహానికి చున్నీ చుట్టుకుని. మా బావంటే మా ఆవిడ అన్న. ఆయన పొలమూ నా పొలమూ ఒకే గట్టు మీద ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ గట్టు ఎవరిదో తేలలేదు, మీటింగులకు మాత్రం అక్కరకొస్తోంది.

కట్టెను బూడిద చేయొద్దు, బొగ్గు చేసి మట్టిలో కలపండి అన్నది ఆ అమ్మాయి. ఎందుకో మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. "ఆకు ఎండలో తనకు తనే ఆహారం తయారు చేసుకుంటుందండీ" అని మొదలుపెట్టగానే నేను ఒక్కసారిగా పన్నెండేళ్ళ వాణ్ణయిపోయాను.

ఎందుకంటే నా చదువు సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఆగింది. ఏడో తరగతిలో మాస్టారు, "ఆకులు తమ అన్నం తామే వండుకుంటాయి" అన్నాడు. "మరి కూరేంటండీ?" అని అడిగాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను. ఆయన నన్ను బయట నిలబెట్టాడు. బయట గాలి బాగుంది, పక్క చేలో సజ్జకంకులున్నాయి. మళ్ళీ లోపలికి పోవాలనిపించలేదు. మర్నాడు మా నాన్న నాకు గేదెల్ని అప్పజెప్పాడు. అవి ప్రశ్న అడిగితే కోప్పడేవి కావు.

ఇప్పుడు ఈ అమ్మాయి, "గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉంటుంది కదండీ, దాన్ని పీల్చుకుని వండుకుంటుంది" అంది.

"అదన్న మాట కూర" అన్నాను. ఇన్నేళ్ళకు జవాబు దొరికింది. పక్కవాళ్ళకు అర్థం కాలేదు గానీ నాకు తృప్తిగా ఉంది.

ఆమె చెప్పింది ఇదీ. పత్తి మొక్క ఏడాదంతా గాలిని తిని కట్టె అవుతుంది. కాలిస్తే మళ్ళీ గాలిలోకే పోతుంది. బొగ్గు చేసి పూడిస్తే సగమన్నా మట్టిలోనే ఉండిపోతుంది, మన మునిమనవల కాలానికి కూడా కదలదు. పైగా ఆ బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది, పేడనీళ్ళలో నానబెట్టి వేస్తే మొక్కకు బలం.

"మరి కట్టె పొగ మళ్ళీ కట్టెలోకే వస్తున్నప్పుడు గోలేముందండీ? తిరుగుతా ఉంటది కదా" అన్నాడు మా బావ. ఆయన పదో తరగతి రెండుసార్లు రాశాడు, అందుకని అలాంటివి అడుగుతాడు.

"ఆ తిరుగుడు ఎప్పట్నుంచో ఉన్నదేనండీ. గోలంతా దానికి పైన మనం కలుపుతున్న దానితో వచ్చింది. డీజిలూ, రాక్షసి బొగ్గూ, మన గ్యాస్ బండా కూడా ఒకప్పుడు మొక్కలూ జీవులేనండీ. యుగాల కింద భూమిలో పూడుకుపోయి కదలకుండా ఉన్నాయి. వాటిని పైకి తీసి కాలుస్తున్నాం. అదంతా గాలిలో అదనంగా చేరి వేడి పెంచుతోంది. ఈ తిరుగుడులో దానికి చోటు చాలదు."

అందరూ నా వంక చూశారు. ఊళ్ళో అందరికంటే పాత ట్రాక్టరు నాది.

"అంటే ఇదన్న మాట" అన్నాను. "కట్టె పొగ ఊళ్ళో చుట్టం లాంటిది. వస్తుంది, తింటుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. డీజిలు పొగ పాతాళంలో నిద్రపోయే చుట్టం. దాన్ని మనమే పోయి లేపి తెచ్చుకున్నాం. వచ్చినవాడు ఇంక పోడు. మంచం ఖాళీ చేయడు."

"చాలా బాగా చెప్పారు బాబాయిగారూ" అంది ఆ అమ్మాయి. నాకు తల మీద కొమ్ము మొలిచినట్టయింది.

"అందుకేనా మేడమ్, కల్లంలో కాయ పోసిన మర్నాడే వాన పడేది?" అన్నాడు మా బావ.

ఎవరూ నవ్వలేదు. మా చిన్నతనంలో శివరాత్రి దాటాక ఆకాశంలో మబ్బు కనపడితే చూడమని పిల్లల్ని పిలిచేవాళ్ళు. ఇప్పుడు పట్టా కప్పమని పిలుస్తున్నాం. ఆ ముందు రోజు కూడా కురిసింది. కల్లాల మీద మిరపకాయల కంటే పట్టాలే ఎక్కువ కనబడుతున్నాయి.

కట్టె కూడా తడిసి ఉంది కాబట్టి ఆ రోజు ఆమె కాల్చి చూపించలేకపోయింది. గట్టు మీద పుల్లతో గుంట బొమ్మ గీసింది. నోరు వెడల్పుగా, అడుగు సన్నగా, నడుము లోతు. "ఇప్పుడు జాగ్రత్తగా వినండి. పొగ రాకుండా మంట పెట్టడంలోనే ఉందండీ కిటుకంతా" అంది.

నా నాలుక ఆగలేదు. "మంట పెట్టడమంటే మా బావకు అప్పజెప్పండి మేడమ్. నాకూ మా ఆవిడకూ మధ్య ముప్పై ఏళ్ళుగా అదే పని."

గట్టు మొత్తం గొల్లుమంది. మా బావ నన్ను కొట్టడానికి మట్టిగడ్డ తీశాడు, నేను పరుగెత్తాను, ఇంకా నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఆ అమ్మాయి కిటుకు ఏదో చెప్పనే చెప్పింది. ఎవరూ వినలేదు. "ఎండాక చేద్దామండీ, సోమవారం వస్తాను" అని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

సోమవారం దాకా ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ శుక్రవారం మా పక్క చేనతను కట్టెకు నిప్పు పెట్టాడు. సాయంత్రానికి బీరువా మీద సంచి లేదు.

"ఆగవే. ఈ ఏడు నేను పొగ రాకుండా కాలుస్తున్నా. రేపే చూపిస్తా" అన్నాను.

"పొగ రాకుండానా?"

"మేడమ్ నేర్పింది. చాలా బాగా చెప్పారు బాబాయిగారూ అంది కూడా."

ఆమె సంచిని మంచం కింద పెట్టింది. బీరువా మీదికి మాత్రం పోలేదు.

మర్నాడు నేనూ మా బావా గుంట తవ్వాం. బొమ్మలో ఉన్నట్టే వచ్చింది. ఎండిన పత్తి కట్టె అంచు దాకా దట్టించాం. ఇంకా కొంచెం ఖాళీ ఉంది. గట్టు మీద నేను పీకి పడేసిన మిరప మొక్కలున్నాయి. బొబ్బర తెగులు వచ్చి ఆకు ముడుచుకుపోయిన చెట్లు, వాటి నిండా ఎవరూ కోయని తాలు కాయలు. కట్టె ఏదైతేనేం అని అవి కూడా పైన పేర్చాను. ఇక మంట. పొయ్యి ఎక్కడి నుంచి వెలిగిస్తాం? కింది నుంచి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. గెడకర్రకు గుడ్డ చుట్టి, డీజిల్లో ముంచి, అంటించి, కట్టె సందుల్లోంచి అడుగుకు దూర్చాను. ఈ పనితనం మేడమ్ చూసి ఉంటే బాగుండేదనుకున్నాను.

ముందు తెల్ల పొగ వచ్చింది. తర్వాత పసుపు పచ్చ పొగ వచ్చింది. అది గుంట లోంచి లావుగా, తీరిగ్గా లేచి, ఒక్క క్షణం ఎటు పోదామా అని ఆలోచించినట్టు ఆగి, ఊరి వైపు తిరిగింది. తర్వాత ఘాటు మొదలైంది.

ఒక మిరపకాయ పోపులో మాడితేనే వీధి తుమ్ముతుంది. ఇక్కడ అరెకరం తాలు కాయలు అడుగు నుంచి పొగబెట్టినట్టు ఉడుకుతున్నాయి. మా బావ రెండు అడుగులు పరుగెత్తి కూలబడ్డాడు. కూలబడ్డ చోటు నుంచే నన్ను తిట్టడానికి నోరు తెరిచాడు గానీ తిట్టు రాలేదు, దగ్గు వచ్చింది. కల్లాల దగ్గర కాయ ఏరుతున్న ఆడవాళ్ళు కొంగులు మూతికి కట్టుకుని రోడ్డెక్కారు. కుక్కలు తుమ్మాయి. కుక్కలు వరసగా తుమ్మడం నేను ముందెప్పుడూ చూడలేదు. నాలుగింటి బస్సు ఊరి బయటే ఆగి అద్దాలన్నీ మూసుకుని లోపలికి వచ్చింది.

నేను ఇంటికి పరుగెత్తేసరికి మా అమ్మ అరుగు మీద కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. "ఎవురికిరా దిష్టి తీశారు, ఇంత ఘాటొచ్చింది?" అంది. మా వైపు దిష్టికి ఒక లెక్కుంది. ఉప్పూ ఎండు మిరపకాయలూ మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే దిష్టి భారీగా ఉన్నట్టు. మిరపకాయ కారాన్ని ఆ దిష్టే తినేసిందని నమ్మకం.

"ఎవరికో గానీ దిష్టన్నదే లేదు. అనవసరంగా తీశారు" అని తీర్పు చెప్పింది మా అమ్మ.

మా ఆవిడ తలుపు లోంచి వచ్చింది. ముక్కు మీద తడి తువ్వాలు, ఒక చేతిలో పీల్చే మందు, ఇంకో చేతిలో సంచి. ఊపిరి ఈల వేస్తోంది. నా ముందు ఆగి, తువ్వాలు కొంచెం పక్కకు తీసి, ఒక్క ముక్క అంది.

"ఊరంతా ఊరికే పెడితే, నువ్వు గుంట తవ్వి మరీ పెట్టావు."

ఆ బస్సే ఎక్కింది. అద్దం మూసి ఉంది కాబట్టి నా వంక చూసిందో లేదో కూడా తెలియలేదు.

సోమవారం ఆ అమ్మాయి వచ్చి గుంటలోకి తొంగి చూసింది. సగం బూడిద, సగం పచ్చిగా మాడిన కట్టె, మధ్యలో మిరప తొడిమలు.

"కింది నుంచి పెట్టారా బాబాయిగారూ?"

"పొయ్యి అట్టాగే కదండీ వెలిగించేది."

"పై నుంచి పెట్టాలని ఆ రోజు చెప్పాను కదండీ."

"నువ్వు నన్ను ఎగతాళి చేస్తుంటివే, అప్పుడు చెప్పింది" అన్నాడు మా బావ. ఆయన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "నీ నోటికి నేనొక్కణ్ణే బలయ్యేవాణ్ణి. ఈసారి ఊరు ఊరే అయింది."

ఆ అమ్మాయి గుంట అడుగున గుప్పెడు పుల్లలు వేసి, వాటి నెత్తిన నిప్పు పెట్టింది. మంట లేచాక ఇంకో వరస కట్టె. దాని మీద తెల్లగా బూడిద పూత కనపడగానే మరో వరస. మంట ఎప్పుడూ పైనే ఉంది. పొగ లేదు.

"పొగ కూడా మండేదేనండీ. కింది కట్టె లోంచి వచ్చే పొగ పైకి పోవాలంటే మంట లోంచే పోవాలి. అక్కడే కాలిపోతుంది. మీరు కింద పెట్టారు, అది కాలకుండా ఊరి మీద పడింది."

నాకు వెంటనే అర్థమైంది. మా ఇంట్లో మా అమ్మ గుమ్మంలో కూర్చుంటుంది. లోపలి మనిషి ఎవరైనా బయటికి పోవాలంటే ఆమెను దాటాలి. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని పూర్తిగా కాల్చి గానీ వదలదు. మంటను గుమ్మంలో కూర్చోబెట్టాలన్న మాట. నేను తీసుకుపోయి వంటింట్లో కూర్చోబెట్టాను.

తర్వాత పది రోజుల్లో మూడు గుంటలు కాల్చాను. నోరు మూసుకుని కాల్చాను, అదీ చెప్పుకోదగ్గ సంగతే. మూడోదానికి వచ్చేసరికి బొగ్గు ముక్కలు ఒకదానికొకటి తగిలితే గాజుల్లా మోగాయి. ఆ చప్పుడు వినిపిద్దామని మా ఆవిడకు ఫోను చేస్తే ఎత్తదు. ఒకరోజు వాళ్ళక్క ఎత్తింది.

"నీ పెళ్ళానికి పనివాటం బాగుంది మరిదీ. పప్పు విరక్కుండా ఒలుస్తోంది. ఒకటో తారీకు నుంచి షెడ్డుకు రమ్మన్నారు."

ఫోను పెట్టేశాను. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా అమ్మ ఏమీ అనకుండా తిని, "దాన్ని తీసుకురారా" అంది.

మర్నాడు మా బావ ఫోను నుంచి చేశాను. అన్న అనుకుని ఎత్తింది.

"నేనేనే. ఇప్పుడు నిజంగానే పొగ రావట్లేదు."

"ఆ రోజూ అదే చెప్పావు."

"ఆ రోజు కింది నుంచి పెట్టా. ఇప్పుడు పై నుంచి పెడుతున్నా."

ఫోనులో ఆ నెమ్మది గొంతే వచ్చింది. "సరే. వస్తా. నా ఎదురుగా కాల్చు. నా చేత్తో మిరపకాయలు వేస్తా. గుంట పక్కన నిలబడతా. దగ్గు రాకపోతే ఉంటా. వస్తే నాలుగింటి బస్సు ఎక్కుతా. ఆ తర్వాత ఎవరి ఫోనూ తీసుకుని చెయ్యొద్దు."

ఆమె వచ్చిన రోజు గట్టు మీద జనం పెళ్ళికి వచ్చినట్టు నిలబడ్డారు, స్కూటీ మేడమ్ కూడా వచ్చింది. కొంతమంది ముందు జాగ్రత్తగా మూతికి తువ్వాళ్ళు కట్టుకున్నారు. మా అమ్మకు గట్టు మీద గోనెసంచి పరిచాం. మా ఆవిడ వచ్చి, భుజాన సంచి దించకుండానే గుంట పక్కన నిలబడింది. నేను అడుగున పుల్లలు వేసి నెత్తిన నిప్పు పెట్టాను. వరస మీద వరస వేస్తూ పోయాను. మంట అంచు దాకా వచ్చి నారింజ రంగులో గుండ్రంగా తిరుగుతోంది. పైన గాలి వేడికి వణుకుతోందే గానీ పొగ కనబడటం లేదు.

ఆమె కల్లం లోంచి తెచ్చుకున్న ఎర్రటి కాయలు రెండు గుప్పిళ్ళు తీసింది. తాలు కాదు, మేలు కాయ. పరీక్ష అంటే పరీక్షే. మంట మధ్యలోకి విసిరింది.

జనం రెండడుగులు వెనక్కు వేశారు. మా బావ నాలుగు వేశాడు.

ఏమీ రాలేదు. కాయలు ఒక్కసారి భగ్గుమని నలుపై మంటలో కలిసిపోయాయి. అంతే. ఎవరూ దగ్గలేదు. ఒక కుక్క గుంట దాకా వచ్చి వాసన చూసి, అవమానం జరిగినట్టు వెళ్ళిపోయింది.

"అమ్మమ్మమ్మ" అంది మా అమ్మ గోనెసంచి మీది నుంచి. "రెండు గుప్పిళ్ళకి కొంచెం కూడా ఘాటు రాలేదంటే ఎంత దిష్టి ఉండాలి నా కోడలికి. ఊరి కళ్ళన్నీ దాని మీదే."

"దిష్టి కాదు నాయనమ్మా, మంట పైనుంది కదా, ఘాటంతా పూర్తిగా కాలిపోయింది" అంది ఆ అమ్మాయి.

"అదేనమ్మా నేను చెప్పేది. పూర్తిగా కాలిపోయింది."

ఇద్దరికీ తేడా కనిపించలేదు. నేను కలగజేసుకోలేదు. మా బావ పొలంలోకి పోయి తన గేదె కోసం నాలుగు కాయలు తెచ్చి, దాని పేరు చెప్పి దిష్టి తిప్పి మంటలో వేశాడు. దానికీ ఘాటు రాలేదు. "నేను ముందే అనుకున్నా, దాని పాలు తగ్గినప్పుడే" అన్నాడు.

సంచి పట్టీ మీద మా ఆవిడ చెయ్యి కొంచెం వదులైంది. నేను చూశాను.

ఇక మిగిలింది చల్లార్చడం. గుంట నిండాక వెంటనే నీళ్ళు పోయాలి. ఆలస్యమైతే బొగ్గంతా బూడిదే. అందుకని నీళ్ళ ట్యాంకరు నింపి, ట్రాక్టరుకు తగిలించి, బోరు దగ్గర సిద్ధంగా పెట్టుకున్నాను. గెలిచిన ఊపులో ఎగిరి సీటెక్కి తాళం తిప్పాను. నా ట్రాక్టరు లేవడానికి ముందు ఒకసారి గొంతు సవరించుకుంటుంది. నల్లటి పొగ బుస్సుమని వదిలింది. గాలి అటే ఉంది. ఆ పొగ గట్టు దిగి, పొలం దాటి, జనంలో ఇంకెవరినీ ముట్టుకోకుండా పోయి మా ఆవిడ మొహానికి తగిలింది.

ఆమె దగ్గింది. ఒకసారి కాదు.

అందరూ నా వంక చూశారు. నేను ఇంజను ఆపి పరుగెత్తుకొచ్చాను.

"దగ్గు వచ్చింది" అంది ఆమె, మందు పీల్చుకుని.

"అది గుంట పొగ కాదే. ట్రాక్టరుది."

"నా గొంతుకు ఇంటిపేర్లు తెలియవు."

పాతాళపు చుట్టాన్ని నేనే పోయి లేపుకొచ్చాను, అదీ పరీక్ష చివరి నిమిషంలో. గట్టు మీద దాని గురించి ఉపన్యాసం ఇచ్చింది కూడా నేనే.

"బాబాయిగారూ, నీళ్ళు" అంది ఆ అమ్మాయి. "పైన బూడిద పడుతోంది."

ట్రాక్టరు మళ్ళీ తీస్తే ఇంకోసారి గొంతు సవరించుకుంటుంది. బకెట్లు తీసుకుని బోరు తొట్టి దగ్గరికి పరుగెత్తాను. మా బావ మందు కొట్టే డ్రమ్ము ఎత్తుకున్నాడు. బోరు నుంచి గుంట దాకా పరుగెత్తితే సగం నీళ్ళు నా పంచె మీదే. ఒక బకెట్టు పోస్తే గుంట బుస్సుమంటుంది, ఆవిరి లేస్తుంది, మళ్ళీ ఎర్రగా నవ్వుతుంది. యాభై దాటిన ఇద్దరం మగాళ్ళం గట్టు మీద జారుతూ, ఒకణ్ణొకడు తిట్టుకుంటూ పరుగెడుతుంటే జనానికి సినిమా.

ఆమె కాసేపు చూసింది. నేను ఐదో బకెట్టుకు బోర్లా పడ్డాను.

"ఆ పరుగేంది, ఆ పోయడమేంది" అంది. "వరసగా నిలబడి అందుకోండి. పెద్ద ఊరంట, బకెట్టు అందుకోవడం రాదు."

సంచి తీసి మా అమ్మ ఒళ్ళో పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. చూస్తున్నవాళ్ళందరినీ బోరు నుంచి గుంట దాకా నిలబెట్టి, తను గుంట దగ్గర చివరి చోటు తీసుకుంది. బకెట్లు చేతులు మారుతూ వచ్చాయి. ఆవిరి ఆమె మొహం మీదికి వస్తోంది. తల పక్కకు తిప్పి పోస్తోంది. దగ్గడం లేదు.

నాలుగింటి బస్సు వచ్చింది. రోడ్డు మా పొలం పక్కనే. ఏటా ఆమెను ఎక్కించుకునే కండక్టరే. ఆమెను చూసి, మా అమ్మ ఒళ్ళో నీలం సంచిని చూసి, బస్సు ఆపించాడు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు.

చేతిలో బకెట్టుతో ఆమె బస్సు వంక చూసింది. గుంట వంక చూసింది. నేను వరసలో ఆమె పక్కనే ఉన్నాను, బకెట్టు అందిస్తూ. నా నాలుకను పళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాను.

"ఇయ్యాళ కాదులే, పోనీ" అని కేకేసింది. మసి చేత్తో పొమ్మన్నట్టు ఊపింది. బస్సు వెళ్ళిపోయింది.

ఆగలేకపోయాను. "ఇయ్యాళ కాదంటే రేపా?"

"ఆ మూల ఇంకా ఎర్రగా ఉంది. నీళ్ళందుకో" అంది. "ఆ ట్రాక్టరు సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

ఇంటికెళ్ళాక, అంది. మసి నీళ్ళతో తడిసి, మోకాలు చెక్కుకుపోయి, వెనకాల బావ తిడుతుండగా నేను ఆ మాట పట్టుకుని నిలబడ్డాను.

గోనెసంచి మీద మా అమ్మ అప్పటికే ఆ నీలం సంచి పిన్నీసు తీసేసింది. లోపల జీడిపప్పు పొట్లం దొరికింది. పళ్ళు లేకపోతే ఏం, ఒక్కో పప్పూ బుగ్గన పెట్టుకుని నానబెడుతోంది.